పీపా గుంట దగ్గర రేకు

పీపా గుంట వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు.

పగలు వెళ్తారు. ఫోటోలు దిగుతారు. బురదలో పాతేసిన పాత చెక్క పీపా అది. అంచు మాత్రం జానెడు పైకి కనిపిస్తుంది. చుట్టూ రెల్లు. అవతల బురద, ఆ అవతల సముద్రం. చూడ్డానికి అంతే.

కానీ మంచు దిగితే... అక్కడ రేకు మోగుతుందంటారు.

కొట్టేవాళ్ళు ఉండరు. రేకూ ఉండదు. మోత మాత్రం వస్తుంది. దాన్ని నమ్మి అటు నడిచినవాళ్ళు తిరిగి రాలేదంటారు. పీతలు పట్టేవాడు ఒకడు, తాగి దారి తప్పినవాడు ఒకడు... చెప్పేవాణ్ణి బట్టి పేర్లు మారతాయి. మొదటివాడి దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట. ఆ పీపాను అక్కడ పాతుకున్నవాడే మొదటివాడు.

ఆయన మా నాన్న.

అందుకే ఈ కట్ట మీద ఇళ్ళలో పిల్లలకి నడక రాగానే ఒకటి నేర్పుతారు. మంచులో రేకు వినబడితే దానికి వీపు పెట్టు. వీపు పెట్టి నడువు. ఆగకు.

నా కూతురికి నేను నేర్పలేదు. అయినా నేర్చుకుంది. వీధి నేర్పింది.

*

మా నాన్న బాతుల వేటగాడు. దొంగ వేటగాడు అనాలి. చలికాలం వచ్చే బాతుల్ని కొట్టకూడదని అప్పటికే చట్టం ఉంది. చట్టం ఆఫీసులో ఉండేది. నాన్న బురదలో ఉండేవాడు.

బతికున్నన్నాళ్ళూ ఆయన్ని 'ఈకలోడు' అన్నారు. ఇప్పుడు పక్షుల ఆఫీసు వాళ్ళు పెట్టిన బోర్డు మీద 'ఈకల తాత' అని ఉంది. పోయాక ప్రమోషన్ వచ్చింది మా నాన్నకి. తాతయ్యే వయసు ఆయనకి రానే లేదు. నలభై ఒకటికి పోయాడు. ఇప్పుడు ఆయన కంటే నేను రెండేళ్ళు పెద్ద.

'పక్షుల భాష తెలిసినవాడు' అని కూడా రాశారు. తెలుసు. తెలిసే కదా చంపాడు.

మంచివాడని చెప్పను. మాటకి ముందు చెయ్యి లేచేది. కానీ పని మాత్రం... అలాంటి పనివాణ్ణి మళ్ళీ చూడలేదు. కాళ్ళకి రెండు పలకలు కట్టుకుని, మనిషి దిగబడే బురద మీద అరుగు మీద నడిచినట్టు నడిచేవాడు. మెరవకుండా తుపాకీకి బురద పూసేవాడు. దగ్గు రాకుండా నోట్లో గులకరాయి పెట్టుకునేవాడు. పీపాలో దిగి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పొద్దు వాలేదాకా కదలకుండా కూర్చునేవాడు.

ఒక పెంపుడు బాతు ఉండేది. దాని కాలికి తాడు కట్టి పీపా ముందు నీళ్ళలో వదిలేవాడు. అది అరిస్తే పైన పోయే బాతులు కిందికి దిగేవి. దిగాక ఇంకేముంది. రాత్రికి అది మా వంటింట్లో గింజలు తినేది. మా అమ్మ దాన్ని కన్నెత్తి చూసేది కాదు.

మర్నాడు అమ్మ చచ్చిన బాతుల్ని కాబేజీల కింద దాచి, బుట్ట నెత్తిన పెట్టుకుని పట్నం బస్సెక్కేది. హోటళ్ళ వెనక గుమ్మాలన్నీ ఆమెకి తెలుసు.

నా పని రేకు.

*

ఇంటి వెనక గుంజకి తీగతో కట్టిన ఇనప రేకు ఉండేది. మంచు దిగితే బురదలో ఇల్లెటో సముద్రమెటో తెలియదు. లాంతరు కనబడదు. కేక వినబడదు... గాలి సముద్రం నుంచి మొహానికి కొడుతుంది, అరిచిన అరుపు వెనక్కే పోతుంది. రేకు మోత ఒక్కటే దాటుతుంది. దాన్ని పట్టుకుని నాన్న ఇంటికొచ్చేవాడు.

రెండు—ఒకటి. రెండు—ఒకటి. అలా కొట్టాలి.

మోగుతున్నంతసేపూ రావచ్చు. ఆగిందంటే ఇంటి దగ్గర పక్షుల ఆఫీసు గార్డులున్నారని. రావద్దని. ఎక్కడివాడక్కడే ఆగిపోవాలని.

ఈ సంగతి మా ముగ్గురికే తెలుసు.

ఆ సాయంత్రం అమ్మ పట్నంలో ఉంది. నాకు పదకొండేళ్ళు. మంచు దిగింది. పోటు ఎక్కింది. నాన్న రాలేదు. మర్నాడు పొద్దున ఆటు తీశాక పీపా దగ్గర పలక ఒకటి, బురదలో తుపాకీ దొరికాయి. తాడు చివర బాతు బతికే ఉంది. మనిషి దొరకలేదు. ఎప్పటికీ దొరకలేదు.

"రేకు కొట్టలేదా?" అంది అమ్మ. అంతమంది ముందు. నా రెండు భుజాలూ పట్టుకుని.

"కొట్టాను" అన్నాను. "ఆపకుండా కొడుతూనే ఉన్నాను."

ఇది అందరికీ తెలిసిన కథ.

మరి ఇంటి దగ్గర రేకు మోగుతూనే ఉంటే, ఆ బురదలో పుట్టి పెరిగిన మనిషి ఎలా తప్పిపోయాడు? జనం ఆలోచించారు. ఇంకో రేకు మోగి ఉండాలి అన్నారు. పీపా దగ్గరే. అది ఆయన్ని అటే తిప్పుకుని ఉండాలి.

కొందరు దెయ్యం అన్నారు. చచ్చిన పక్షుల ఉసురన్నారు.

కొందరు గార్డు అన్నారు.

*

గార్డు అప్పటికి ముప్పయ్యేళ్ళవాడు. కొత్తగా వచ్చాడు. నాన్నను పట్టుకుంటానని టీ కొట్టు దగ్గర పందెం కాశాడట. అది చాలు కదా. పట్టుకోవడం చేతకాక దొంగ రేకు కొట్టి ముంచేశాడన్నారు. టీ కొట్టువాడు గ్లాసు ఇవ్వడం మానేశాడు. కుదిరిన పెళ్ళి తప్పిపోయింది. మా అమ్మ ఒకసారి వీధిలో అతని మొహం మీద ఉమ్మేసింది. నేను పక్కనే ఉన్నాను. అతను తుడుచుకున్నాడు. నడిచిపోయాడు.

బదిలీ అడగలేదు. ఎందుకడగలేదో తెలియదు. ఇక్కడే ముసలివాడయ్యాడు. ఆఫీసు వెనక ఒక గదిలో ఒంటరిగా.

మూడేళ్ళ కిందట పక్షుల ఆఫీసుకి కొత్త ఆఫీసరు వచ్చాడు. వేటగాళ్ళ పాతకాలపు సంగతులు చూడ్డానికి జనం వస్తారన్నాడు. నాన్న తుపాకీ అద్దాల పెట్టెలో పెట్టించాడు. సాయంత్రం పూట లాంతరు పట్టుకుని జనాన్ని పీపా గుంట దాకా తీసుకెళ్ళే నడక పెట్టాడు. దాని పేరు 'దెయ్యం నడక'. టికెట్టు.

నడిపించేది నా కూతురు.

గుంటలో దాక్కుని రేకు కొట్టేది... గార్డు.

రిటైరైన మనిషి. వెనక దారిన ముందే వెళ్ళి పీపాలో కూర్చుంటాడు. జనం సగం దారికి వచ్చేసరికి మోగిస్తాడు. అమ్మాయి లాంతరు ఎత్తి, గొంతు తగ్గించి, "వీపు పెట్టండి" అంటుంది. అందరూ కిలకిలా నవ్వుతూ తిరుగుతారు. వెనక్కి నడిచి వచ్చేస్తారు. అదీ ఆట.

ఎలా ఒప్పుకున్నావని ఎవరో అడిగితే, "ఎలాగూ నేనే కొట్టానంటారు కదా. ఇప్పుడు జీతానికి కొడుతున్నా" అన్నాడట.

ఆ మాట చెప్పి మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేదు.

"అమ్మా, ఒక్కసారి వచ్చి చూడొచ్చు కదా. నీకు టికెట్ వద్దులే."

"మా నాన్న చావుకి నాకు టికెట్టు కూడానా?"

"అబ్బ! నీతో మాట్లాడితే నవ్వే మొహం కూడా వాడిపోతుందే అమ్మా."

"నవ్వు కావాలంటే మీ గార్డు మామయ్య ఉన్నాడుగా."

"ఆయన నీ గురించి అడుగుతుంటాడు. మీ అమ్మ బాగుందా అని."

నేను అన్నం గిన్నె దించాను. ముప్పై రెండేళ్ళలో అతనితో నేను ఒక్క మాట మాట్లాడింది లేదు. నాన్నను చంపాడని కోపం అనుకుంటుంది నా కూతురు. అందరూ అదే అనుకుంటారు.

*

మొన్న చలికాలం. ఒక మంగళవారం.

వచ్చినవాళ్ళు నలుగురే. ఒక కొత్త జంట, ఇద్దరు ఉద్యోగస్తులు. ఆరింటికి ఆఫీసు గేటు దగ్గర బయల్దేరారు. ఫోన్లన్నీ టికెట్ల గదిలో బుట్టలో వేయించింది అమ్మాయి. వెలుగు పడితే భయం పోతుందని రోజూ అలాగే చేస్తుంది. తన ఫోను కూడా వేసింది.

మా పెరట్లోంచి కట్ట కనబడుతుంది. లాంతరు కట్ట దిగడం చూశాను. బురద దారిన చిన్నదవుతూ పోయింది.

ఆరుంపావుకి మంచు లేచింది.

దిగడం కాదు... లేచింది. నీళ్ళ మీద నుంచి, పాలు పొంగినట్టు. లాంతరు ఉన్నచోట ముందు పచ్చటి మరక. తర్వాత మరకా లేదు.

తిరిగి వచ్చేస్తుందిలే అనుకున్నాను. ఆరున్నర. పొయ్యి ఆర్పేశాను. ఏడు. కట్ట మీదికెళ్ళి నిలబడ్డాను. ఏమీ లేదు. కాళ్ళ కింద... కట్టకి నీళ్ళు తగులుతున్న చప్పుడు. పోటు ఎక్కుతోంది. ఎనిమిదికి నిండుతుంది. నిండితే ఆ దారి మీద నిలువెత్తు నీళ్ళు.

ఫోను చేశాను. మోగింది. టికెట్ల గదిలో, బుట్టలో.

అరిచాను. గాలి నా కేకను నా నోట్లోకే తోసింది.

అప్పుడు పరిగెత్తాను. పెరట్లో నీళ్ళ డ్రమ్ము మీద మూతగా పెట్టిన రేకు... ఆ రేకే. అమ్మ పోయేదాకా దాన్ని పారేయనివ్వలేదు, గుంజకి మళ్ళీ కట్టనివ్వనూ లేదు. మూత తీశాను. ఒక చేత్తో పైకెత్తి పట్టుకున్నాను. పొయ్యి దగ్గరి ఇనప చువ్వ తీసుకుని మళ్ళీ కట్ట మీదికెళ్ళాను.

రెండు—ఒకటి.

రెండు—ఒకటి.

చెయ్యి మర్చిపోలేదు.

ఎంతసేపు కొట్టానో తెలియదు. భుజం లాగేస్తోంది. ఒకసారి దూరంగా మనుషుల గొంతులు వినిపించినట్టయింది. ప్రాణం లేచొచ్చింది. ఇంకా గట్టిగా కొట్టాను. గొంతులు మళ్ళీ వినబడ్డాయి... ఇంకా దూరంగా.

అర్థం కాలేదు. ఇంకా ఇంకా గట్టిగా కొట్టాను.

ఇంకా దూరం.

కట్ట మీద ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు. టార్చి వెలుగు. రొప్పుతూ...

"ఎవరు? ఎవరు కొడుతున్నది?"

గార్డు.

నా చెయ్యి ఆగింది. "నువ్వు... నువ్వు గుంటలో లేవా?"

"బయల్దేరడం ఆలస్యమైంది, మంచు చూసి దారిలోంచే తిరిగొచ్చేశా. అమ్మాయి ఆపేస్తుందనుకున్నా."

"ఆపలేదు. వెళ్ళింది."

అతను ఒక్క క్షణం నా చేతిలో రేకు వైపు చూశాడు. తర్వాత మంచు వైపు. నోరు తెరిచే ఉండిపోయింది.

"ఆపు చెల్లెమ్మా" అన్నాడు. గుసగుసలా. "ఆపు... కొట్టకు. అది నేననుకుంటుంది. గుంట అనుకుంటుంది. దానికి వీపు పెడుతుంది..."



వీపు పెట్టి నడువు. ఆగకు. నలుగుర్ని వెంటేసుకుని, ఇంటికి వీపు పెట్టి, నేను కొట్టే ప్రతి దెబ్బకీ ఒక అడుగు... సముద్రంలోకి నడుస్తోంది నా కూతురు.

ఊరందరికీ తెలుసు మంచులో మోగే రేకు దెయ్యానిదని. నాకొక్కదానికే గుర్తు రాలేదు. ఎందుకు గుర్తొస్తుంది? నేను దాన్ని ఏనాడూ నమ్మలేదు. నమ్మడానికి అక్కడేమీ లేదని నాకొక్కదానికే తెలుసు.

"ఆపితే ఎలా?" అన్నాను. "ఆపితే ఎటు రావాలో దానికి తెలియదు. ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు!"

చువ్వ మళ్ళీ ఎత్తాను. అతను నా మణికట్టు పట్టుకున్నాడు. లాక్కున్నాను. మళ్ళీ పట్టుకున్నాడు.

"నీకు దణ్ణం పెడతా, ఆపు! మీ నాన్నని ముంచింది ఇదే—"

"కాదు!"

ఎంత గట్టిగా అరిచానంటే అతను చెయ్యి వదిలేశాడు.

"అక్కడ ఏ రేకూ మోగలేదు. ఎవ్వరూ కొట్టలేదు. దెయ్యం కాదు, నువ్వూ కాదు. ఆ రోజు నేనే... నేనే ఆపేశాను."

*

ఇద్దరు మనుషులు వచ్చారు ఆ సాయంత్రం. పొడుగు కోట్లు, బూట్లు, చేతిలో టార్చి. కట్ట మీద వాళ్ళని చూడగానే చువ్వ కింద పెట్టేశాను. గార్డులనుకున్నాను. మాకున్న కట్టుబాటు అదే.

గార్డులు కాదు. రోడ్డు మీద కారు వేడెక్కి ఆగిపోయిందట. రేకు మోత విని ఇల్లుందని వచ్చారట. బిందెడు నీళ్ళు కావాలన్నారు. ఇచ్చాను. చలిగా ఉందని పొయ్యి దగ్గర కూర్చున్నారు. ఒకాయన జేబులోంచి బిస్కెట్ పాకెట్ తీసి నా చేతిలో పెట్టాడు. ఏం చదువుతున్నావమ్మా అన్నాడు.

బయటివాళ్ళ ముందు రేకు కొట్టకూడదు. ఎందుకని అడుగుతారు. అందుకని కూర్చున్నాను. బిస్కెట్లు తింటూ.

వాళ్ళు వెళ్ళాక కొట్టాను. తెల్లారేదాకా కొట్టాను.

అప్పటికి పోటు నిండి దిగిపోయింది.

*

ఇదంతా గార్డుకి ఇంత వరసగా చెప్పలేదు. నాలుగు ముక్కలు. ఎవరో ఇద్దరు. నీళ్ళు. బిస్కెట్లు. భయం.

అతను టార్చి నేలకి పట్టుకుని విన్నాడు.

"ఆ రోజు మేమెవరం కదల్లేదు" అన్నాడు చివరికి. "మంచని ఆఫీసులోనే కూర్చున్నాం. పేకాడుకుంటూ."

టార్చి మంచు వైపు తిప్పాడు.

"నలుగురం ఉన్నాం. ఆ సంగతి చెప్పినా ఎవరూ నమ్మలేదు."

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నా చేతిలో రేకు ఊరికే ఉంది. కొడితే సముద్రంలోకి. కొట్టకపోతే ఎటూ లేదు. ముప్పై రెండేళ్ళ కిందట ఆపి చంపాను. ఇప్పుడు కొట్టి చంపుతున్నాను. నీళ్ళు కట్ట సగం దాకా వచ్చాయి. గొంతులు లేవు. ఏమీ లేదు. మంచులో ఒక పక్షి కూడా అరవడం లేదు.

రేకు కింద పెట్టేశాను. గడ్డి మీద. చప్పుడు కాకుండా.

"పడవ తెస్తాను" అన్నాడు గార్డు.

"ఎటు తీసుకెళ్తావ్?"

అతను అడుగు వేశాడు. ఆగిపోయాడు. నేనూ విన్నాను.

చాలా దూరంగా... మంచు లోపల నుంచి...

రెండు—ఒకటి.

గార్డు నా చేతుల వైపు చూశాడు. ఖాళీ. గడ్డి మీద రేకు వైపు చూశాడు.

రెండు—ఒకటి.

గార్డు ఎప్పుడూ అలా కొట్టడు. బడి గంట కొట్టినట్టు వరసపెట్టి బాదుతాడు. అమ్మాయికి నేను నేర్పలేదు. అమ్మ పోయింది. ఈ దెబ్బ తెలిసినవాళ్ళలో ఈ లోకంలో మిగిలింది నేనొక్కదాన్ని.

మోత పీపా గుంట వైపు నుంచి వస్తోంది. అక్కడ ఈపాటికి పీపా అంచు మీద నడుం లోతు నీళ్ళుంటాయి.

"గాలి" అన్నాడు గార్డు. "ఏదైనా డబ్బా కొట్టుకొచ్చి..."

గాలి రెండు కొట్టి ఆగి ఒకటి కొట్టదు. అతనికీ తెలుసు.

నాన్న విన్నాడు అనుకున్నాను. ఇన్నేళ్ళకి ఇవాళ రేకు కొట్టాను... ఇవాళ విన్నాడు. జవాబిస్తున్నాడు. నేను మళ్ళీ ఆపేశాను.

*

ఆ లోపల ఏం జరిగిందో అమ్మాయి తర్వాత చెప్పింది.

మంచులో దారి కనబడక చాలాసేపు అక్కడక్కడే తిరిగారట. మొదటిసారి రేకు విన్నప్పుడు నవ్వుకున్నారట. 'మామయ్య ఇవాళ కొత్త తాళం కొడుతున్నాడు' అనుకుందట. వీపు పెట్టండి అంది. పెట్టారు. నడిచారు. ఎంత నడిచినా కట్ట రాలేదు. నీళ్ళు మడమల దాకా వచ్చాయి. ఉద్యోగస్తుల్లో ఒకాయన "టికెట్టులో ఈత కూడా ఉందా మేడమ్?" అని జోకేశాడు. ఎవరూ నవ్వలేదు. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. లాంతరు ఆరిపోయింది.

అప్పుడు రేకు ఆగింది.

ఆగాక ఇంకా భయమేసిందట. ఎటు తిరిగితే ఏముందో తెలియదు. కొత్త పెళ్ళికూతురు ఏడవడం మొదలుపెట్టింది. అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. నీళ్ళు మోకాళ్ళకి వచ్చాయి.

మళ్ళీ మోగింది. ఈసారి ఎదురుగా. బాగా దగ్గరగా.

మంచులో గుండ్రంగా తిరిగేశాం, గుంట మొహానికే వచ్చేశాం అనుకుందట అమ్మాయి. "వీపు పెట్టండి! పరిగెత్తండి!" అని అరిచిందట. వీపు పెట్టారు. తొడల లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ... మోత మాత్రం వదల్లేదట. వీపు వెనకే. చెయ్యి చాస్తే అందేంత దూరంలో. ఎంత పరిగెత్తినా అంతే దూరంలో.

తోలుతున్నట్టుందమ్మా, అంది.

*

ముందు గార్డు చూశాడు. కట్ట దిగి నీళ్ళలోకి దూకేశాడు. ఒక్కొక్కర్నే పైకి లాగాడు. పెళ్ళికూతురు, ఆమె మొగుడు, ఉద్యోగస్తులిద్దరూ. చివర నా కూతురు. నడుం దాకా బురద. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆరిపోయిన లాంతరు ఇంకా చేతిలోనే ఉంది.

అమ్మాయిని గట్టిగా పట్టుకున్నాను. చలికి కట్టెలా ఉంది.

"మామయ్యా!" అంది నా భుజం మీద నుంచి. "ఎంతసేపు కొడతావయ్యా బాబూ... చంపేశావు కదా మమ్మల్ని..."

మాట అక్కడే ఆగిపోయింది. మామయ్య ఎదురుగా ఉన్నాడు. కట్ట మీద.

మోత ఇంకా వస్తూనే ఉంది.

రెండు—ఒకటి.

అమ్మాయి నన్ను వదిలింది. గడ్డి మీద రేకు చూసింది. చువ్వ చూసింది. నా మొహం చూసింది.

"మొదట... నువ్వా?"

తల ఊపాను.

"మరి ఇది?"

ఉద్యోగస్తుల్లో జోకులేసే ఆయన కూడా చెవులు మూసుకుని కింద కూర్చున్నాడు. పెళ్ళికూతురు ఏడుపు ఆపింది. అందరం వింటున్నాం. ఇంకా దగ్గరికొచ్చినట్టుంది. కట్ట కింద, మంచు మొదలయ్యే చోటే ఉన్నట్టుంది. లోపలికి రమ్మంటే వచ్చేంత దగ్గర.

నా కూతురు నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు చీకట్లో పట్టుకున్నట్టు, రెండు చేతులతో.

"అమ్మా... తాతయ్యని ఆ రోజు పిలిచి ముంచింది... ఇదేనా?"

గార్డు నా వైపు చూశాడు.

నిజం చెప్పమనలేదు. వద్దనీ అనలేదు. ఒళ్ళంతా నీళ్ళు కారుతూ ఊరికే నిలబడ్డాడు. అతనికి పెళ్ళి కాలేదు. అతని మొహం మీద మా అమ్మ ఉమ్మింది. కాదు అంటే చాలు. కాదే, నేనే ఆపేశాను... ఇంతే. ఇందాక చెప్పిన ముక్కలే. ఇందాక నోరు తిరిగింది కదా.

మంచులో మోత ఒక్కసారి ఆలస్యమైంది. నేనేమంటానో వింటున్నట్టు.

అందరూ నా మొహమే చూస్తున్నారు. నా కూతురు నా చెయ్యి ఇంకా వదల్లేదు.

"అవును" అన్నాను. "ఇదే."

గార్డు తల దించుకున్నాడు. టార్చి ఆర్పేశాడు.

రేకు ఆగిపోయింది.